మొదటి విడత కారు

మార్చి 3, పొద్దున

కారొచ్చింది! మా అమ్మాయి కొనిపెట్టిన కారు. తెల్లగా, ఇస్త్రీ చేసిన చొక్కాలా గేటు ముందు నిలబడింది. నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన కాలు ఇది. ఇవాళ ఎలక్ట్రిక్ కారు పెడల్ మీద పెట్టాను. నవ్వొచ్చింది, కళ్లనీళ్లూ వచ్చాయి, రెండూ ఒకేసారి.

టైలర్ షాపు మూసేశాకే నేను డ్రైవింగ్ నేర్చుకున్నది. లైసెన్సు వచ్చిన రోజున మా ఆవిడ జాగ్రత్తలు నాకు చెప్పలేదు, వీధిలో వాళ్లకి చెప్పింది. అలాంటి మనిషి ఇవాళ ముందు సీట్లో దర్జాగా కూర్చుని, ఏమండీ, ఇందులో ఇంజన్ పెట్టడం మర్చిపోయారేమో, చప్పుడే లేదు అంది.

పైగా ఒక వింత. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగినట్టు బండి దానంతటదే నెమ్మదిస్తుంది. బ్రేకుతో పనే తక్కువ.

మార్చి 3, సాయంత్రం

అమ్మాయి ఫోన్ చేసింది. అది ఈ కారు చేసే కంపెనీలోనే పనిచేస్తుంది, కార్లకి సాఫ్ట్‌వేర్ పంపే టీముకి హెడ్. రెండు నెలలైంది హెడ్డయి. మా ఇంట్లో, మా వంశంలో, హెడ్ అనిపించుకున్నవాళ్లు ఎవరున్నారు!

ఫోనులో యాప్‌లు అప్‌డేట్ అయినట్టే కారు కూడా అవుతుందట. కానీ అందరికీ ఒక్కసారే పంపరట. ముందు కంపెనీ వాళ్ల ఇళ్లల్లో కార్లకి. తర్వాత బయటవాళ్లలో వందకి ఒకరికి. ఆ తర్వాత వందకి పదిమందికి. అంతా బాగుందనుకుంటేనే మిగతా అందరికీ. మధ్యలో ఎక్కడ తేడా కొట్టినా అక్కడికక్కడే ఆపేస్తారట.

ఓసి ఇంతేనా, మేం సూటు పూర్తిగా కుట్టకముందు కస్టమరుకి తొడిగి చూసే ట్రయలే కదే ఇది అన్నాను. అబ్బ, నాన్నా, రేపు మీటింగులో ఈ మాటే చెప్తాను అని పకపకా నవ్వింది. నన్ను మొదటి విడతలో పెట్టమని బతిమాలాను. నీ పేరు ఎప్పుడో పెట్టేశాను అంది.

మార్చి 9

వచ్చింది, వచ్చింది! హెడ్డయ్యాక మా అమ్మాయి పంపుతున్న మొట్టమొదటి అప్‌డేట్. స్క్రీను మీద గీత మెల్లగా నిండుతుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పురిటిగది బయట కూర్చున్నట్టుందండీ మీ వాలకం అంది మా ఆవిడ. నిజమే అనిపించింది.

మార్చి 10

ఇవాళ అక్షరాలు వంకరపోతున్నాయి.

పొద్దున ఛార్జింగ్ ఫుల్ చేసుకుని ఇద్దరం బయల్దేరాం. ఫ్లైఓవర్ దిగుతున్నాం. కింద సిగ్నల్ ఎర్రగా ఉంది. కాలు తీశాను. బండి ఆగాలి కదా. ఆగలేదు. ఎవరూ లాగలేదు. సబ్బు మీద కాలేసినట్టు జర్రున జారిపోయింది. కింద ఒకావిడ పసిపిల్లని బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. తెల్లగీతలు దాటాక ఆగింది. ఆవిడ తిట్టలేదు. పిల్లని ఎత్తుకుని అద్దంలోంచి నన్ను అలా చూసింది, అంతే. తిట్టినా బాగుండేది.

మా ఆవిడ నా కాళ్ల వైపు చూసింది. తర్వాత, ఏమైందండీ అంది. చెప్పు జారిందే అన్నాను.

ఇంటికొచ్చాక స్క్రీను అడిగింది, కొత్త అప్‌డేట్ ఎలా ఉందీ అని. అయిదు స్టార్లు నొక్కాను. కింద ఖాళీ ఉంటే బ్రహ్మాండం అని కూడా రాశాను.

మార్చి 11

ఇవాళ బూట్లు వేసుకుని వెళ్లాను, లేసులు బిగించి. ఫుల్ ఛార్జి, అదే ఫ్లైఓవర్. మళ్లీ జారింది.

మార్చి 12

కారా, నా కాలా? తేల్చుకోలేకపోతున్నాను. నా కాలే అయితే రేపణ్ణించి తాళాలు లాక్కుంటారు, మనవడి ట్రైసైకిల్ కూడా ముట్టుకోనివ్వరు. కారే అయితే ఇంకా ఘోరం. మా అమ్మాయి పంపిన మొదటి అప్‌డేట్ తప్పని చెప్పిన మొదటి నోరు కన్నతండ్రిదే అవుతుంది.

చెబుదామనే ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపు అదే మొదలెట్టింది. నాన్నా, మొదటి విడతలో ఒక్క కంప్లయింట్ కూడా లేదు, మా కంపెనీ పెద్దాయన అందరి ముందూ మెచ్చుకున్నాడు, రేపే రెండో విడత వదుల్తున్నాం అని. గొంతులో ఎంత సంతోషమో! చిన్నప్పుడు ఫస్టొచ్చానని పరిగెత్తుకొచ్చే గొంతు.

శభాష్ రా తల్లీ అన్నాను. జారిన సంగతి చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను.

మార్చి 13

పార్కులో క్యాషియర్ గారు కలిశారు. బ్యాంకులో రిటైరయ్యారు, వాళ్లబ్బాయి మా అమ్మాయి టీములోనే ఉన్నాడు. ఆయనదీ ఇదే కారు, ఇదే మొదటి విడత. ఊరికే అడిగినట్టు అడిగాను, బండి ఎలా ఉందండీ అని. అద్భుతం అన్నారు. అని బెంచీ మీద కూలబడి, టైలరు గారూ, మీదీ జారుతోందా అన్నారు, చెవిలో.

ఎప్పుడు జారుతోందండీ అంటే, ఛార్జి నిండుగా ఉండి పల్లంలో దిగేటప్పుడు అన్నారు. నాకూ అంతే. నా కాలు కాదు!

మరి చెప్పలేదేం అన్నాను. మీరు చెప్పారా అన్నారు. ఎన్ని స్టార్లిచ్చారు అంటే సిగ్గుపడుతూ చెయ్యి చూపించారు, అయిదు వేళ్లూ విప్పి. మావాడు రాసిన ప్రోగ్రామండీ, మనం చేజేతులా వాడి నోట్లో మట్టి కొడతామా, బయటవాళ్లు ఎవరో ఒకరు చెప్తార్లెండి అన్నారు. కళ్లజోడు తుడుచుకుంటూనే ఉన్నారు, అది శుభ్రంగానే ఉన్నా.

ఇద్దరు తండ్రులం, తెల్ల జుట్టు వేసుకుని, కుండ పగలగొట్టిన పిల్లల్లా కూర్చున్నాం.

రెండో విడత ఇవాళ వెళ్లిపోయింది.

మార్చి 14

బయటికి వెళ్లాలంటే భయం. ఎక్కడ చూసినా అవే కార్లు. అంతకుముందు ఇన్ని ఉండేవా? చప్పుడు చెయ్యవు కదా, పక్కకొచ్చేదాకా తెలియదు. వీటిలో ఏది రెండో విడతదో మొహం చూసి చెప్పలేం.

ఛార్జింగ్ దగ్గర ఒకతను ప్లగ్గు తీస్తున్నాడు. ఫుల్ ఛార్జి. వెనక సీట్లో ముసలావిడ. బాబూ, పల్లంలో మెల్లగా వెళ్లు, కాలు తీసినా ఆగకపోవచ్చు అన్నాను. అతను నన్ను కిందినుంచి పైదాకా చూసి, పెద్దాయనా, మీ కారా నా కారా అన్నాడు. నవ్వుతూనే వెళ్లిపోయాడు. మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత ఏమైందో తెలియదు. ఎలా తెలుస్తుంది?

అమ్మాయి మెసేజ్ పెట్టింది. సోమవారం మూడో విడత, పదిమందికి ఒకరు. వెనకాల అందరూ.

మార్చి 15, పొద్దున

షాపులో అందరికంటే ఎవరికి భయపడేవాణ్ణో గుర్తొచ్చింది. తిట్టే కస్టమరుకి కాదు. చంక కింద పట్టేస్తున్నా, ట్రయల్లో బాగుంది మాస్టారూ, బాగుంది అనే మొహమాటం కస్టమరుకి. ఆ కోటు సరిగ్గా నలుగురిలోనే చినుగుతుంది. తిట్టేవాడు నా పని నిలబెట్టాడు. మొహమాటస్తుడు నా పరువు తీశాడు.

అయినా కోటు చినిగితే కుడతాం.

మా ఆవిడకి అంతా చెప్పేశాను. చెప్పు జారలేదని నాకు ఆ రోజే తెలుసండీ, మీరే చెప్తారని చూస్తున్నాను అంది. వెళ్లి చెప్పిరండి, నడిచి వెళ్లండి అంది.

మార్చి 15, సాయంత్రం

చెప్పేశాను. వాళ్ల ఆఫీసులో, గాజు గదిలో. బయట కుర్రాళ్లంతా చూస్తుండగా ఏడ్చాను కూడా.

అమ్మాయి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మొహం సున్నం కొట్టినట్టయింది. ఎన్నిసార్లు, ఎక్కడ, ఛార్జి ఎంత, అని ఎవరో పరాయి మనిషిని అడిగినట్టు అడిగింది. ఇంకెవరికైనా ఇలా అయిందా అంది. క్యాషియర్ గారి పేరు చెప్పాను. బయట కూర్చున్న వాళ్లబ్బాయి తలొంచుకున్నాడు. మిగతా ఇళ్లకి ఫోన్లు చేయించింది. ఒకరి అత్తగారు, ఒకరి అన్నయ్య, ఒకరి భార్య. అందరికీ జారింది. అందరూ అయిదు స్టార్లే.

అప్పుడు అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలి, మనవాళ్లే కదా, గట్టిగా చెప్తారనుకుని మిమ్మల్ని ముందు పెట్టాం నాన్నా అంది. అంతే. లేచి వెళ్లి మొత్తం ఆపించేసింది. వాళ్ల పెద్దాయన గదిలోకి ఒక్కతే వెళ్లింది. నేను వస్తానన్నాను. వద్దంది.

నా కూతురు! భయం పీకల్దాకా ఉంది, అయినా ఆ నడక చూసి పొంగిపోయాను. ఏం మనిషినో నేను.

మార్చి 16

పాత సాఫ్ట్‌వేరే మళ్లీ పంపుతున్నారు. కార్లు ఒక్కొక్కటే తీసుకుంటున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు, ఇప్పటిదాకా. ఛార్జింగ్ దగ్గర చూసిన అతను కూడా వాళ్లలో ఉంటే బాగుండు. అమ్మాయి ఉద్యోగం ఉంటుందా అని అడగలేకపోయాను. అదీ చెప్పలేదు.

ఒక్క కారు మాత్రం తీసుకోవట్లేదట. సిగ్నల్ అందట్లేదు. ఓనరు ఫోన్ స్విచాఫ్.

మార్చి 17

ఆ కారు దొరికింది, అమ్మాయితో పాటు నేనూ వెతుకుతూ వెళ్తే. ఒక అపార్ట్‌మెంట్ కింద, రెండో బేస్‌మెంట్‌లో. ప్లగ్గుకి తగిలించి ఉంది, ఛార్జి నిండుగా. గేటు దాటితే అంతా పల్లమే, చివర బడి. అమ్మాయి ఓనరు కోసం మెట్లెక్కి పైకి వెళ్లింది. నేను కారు ముందు నేల మీద కూర్చుని రాస్తున్నాను, వీపు బంపరుకి ఆనించి. లిఫ్టు కిందికొస్తోంది. తాళాల చప్పుడు. ఓనరో, ఎవరో తెలియదు.

లేవను.