నాకిచ్చిన ఐదో మాట

1962 ఏప్రిల్ 8, ఆదివారం

ఐదో మాట నాకు వచ్చింది! ఆరాధన ముగిశాక పాస్టరు అయ్యగారు అందరి ముందే చెప్పారు — మంచి శుక్రవారం సిలువ మీది ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగించాలి. ఐదోది ఏటా రత్నం తాతది. ఆయనకు గొంతు పోయింది.

"ఈసారి కరుణ చెప్పిద్ది. బోర్డింగులో చదువుకున్న పిల్ల."

వెనక వరుసలో ఎవరో — "ఆడపిల్లకా?" అయ్యగారు వినిపించుకోలేదు.

ఐదోది 'దప్పిగొనుచున్నాను' — దాహం మాట. ఏడింటిలోకీ చిన్నది. నేను పెద్దది చేస్తాను.

ఏప్రిల్ 9

దప్పిక. తృష్ణ. పిపాస. మూడింటినీ నోట్లో వేసుకుని చప్పరిస్తున్నాను. పిపాస చాలా బాగుంది. మా పల్లెలో ఎవరికి తెలుస్తుంది? అయినా ఉంచుతాను.

సాయంత్రం అమ్మతో ఆసామి తోటకు, నీళ్ళ కోసం. పల్లె బావి అడుగంటినప్పటి నుంచీ ఇంతే. వంగతోట తడిసేదాకా ఎండలో కూర్చోవాలి. తర్వాత కాలవలో మిగిలిన నీళ్ళు... మట్టి తేరాక ముంచుకోవాలి. ఆయన బావి తొట్టి దగ్గరకు మా పల్లెవాళ్ళు వెళ్ళకూడదు. ఎడ్లతో ఆ బావి నీళ్ళు పైకి లాగే మోట తోలేది మా నాన్నే. ఎడ్ల వెనక నడుస్తూ ఒక్కసారి కూడా మా వైపు చూడడు.

ఇదంతా రాస్తాను. శుక్రవారం అందరూ వినాలి.

ఏప్రిల్ 11

అమ్మకు చదివి వినిపిస్తున్నాను. నాన్న ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"బావి మాట ఎత్తావా?"

"దాహం గురించి కదా నాన్నా..."

"ఆసామి వస్తాడే. ప్రతేడూ వచ్చి ఇంటాడు. ఆయనకి కుర్చీ ఏసేది నేనే. రేపు ఆ కాలవ నీళ్ళు గూడా ఆపితే ఏంది? నీ మాటలు ముంచుకుని తాగాల్నా?"

అమ్మ నా వైపు చూడలేదు.

"బావి గురించి ఒక్క ముక్క అననని మాటియ్యి."

ఇచ్చాను. కాగితంలో సగం కొట్టేశాను.

ఏప్రిల్ 13

కొట్టేశాక మిగిలింది పిపాస ఒక్కటే. చదివితే నాకే నవ్వొస్తోంది.

అయ్యగారికి చూపించాను. చూసి మడిచి ఇచ్చేశారు. "రాసింది చాలమ్మా. పొద్దున్నే గుడికొచ్చి ఊరకే మోకరించు. అడగమాక. చెప్పమాక."

ఏప్రిల్ 14

తెల్లవారుజాము. గుడిలో నేనొక్కదాన్నే. మోకాళ్ళ కింద గచ్చు చల్లగా ఉంది. ప్రభువా అంటానో లేదో — దయామయుడా, కరుణాసముద్రుడా — విశేషణాలు బారులు తీరి వస్తాయి. వాటిని ఆపితే తోట నుంచి మోట కప్పీ. కిర్రు... కిర్రు... నాన్న అప్పుడే ఎడ్లు కట్టాడు. ఈ చప్పుడులో ఏం ప్రార్థన! చెవులు మూసుకున్నాను.

అయ్యగారు తలుపు దగ్గర — "ప్రార్థిస్తన్నావా, పదాలు ఏరుకుంటన్నావా?"

సిగ్గేసింది.

"ఆయన ముందు నోరు మూసుకుని ఉండటం గూడా భక్తేనమ్మా. అది నాకే చానా ఏళ్ళు పట్టింది."

ఏప్రిల్ 16

ఇవాళ గుడిలో మోకరిస్తే కాసేపు ఏ మాటా రాలేదు. ఎవరో దగ్గరగా ఉన్నట్టు... భయం. లేవాలనిపించలేదు.

ఏప్రిల్ 18

శుక్రవారం ఒక్క పూట సెలవు కావాలని నాన్న అడిగాడట. ఏటా ఇచ్చే ఆసామి ఈసారి నవ్వాడట — "మీ దేవుడు చచ్చిపోయిన రోజున నా తోట గూడా చావాల్నా?"

నాన్న గుడికి రాడు. ఉపవాసం మాత్రం ఉంటాడట. "నీళ్ళు తోడతా. తాగను. అంతే గదా."

ఏప్రిల్ 20, మంచి శుక్రవారం

ఇప్పుడే ఇంటికి వచ్చాను.

గుడి ముందు పందిరి. పొద్దుటి నుంచి ఎవరూ నీళ్ళు ముట్టలేదు. ఆసామి తెల్ల గొడుగేసుకుని వచ్చాడు. పందిరి గుంజ పక్కన కుర్చీ. నాలుగు మాటలు అయ్యాయి. నా పేరు పిలిచారు.

కాగితం విప్పాను. నాలుక అంగిలికి అంటుకుపోయింది. అంత దాహంలో పిపాస అనడానికి నోరు రాలేదు. అందరూ చూస్తున్నారు. ఎవరో పిన్ని "చెప్పవే" అంది.

"నా మాట చిన్నది. మౌనంగా ధ్యానిద్దాం. కళ్ళు మూసుకోండి."

నిశ్శబ్దం.

అప్పుడు వినిపించింది. కిర్రు... కిర్రు... మోట పైకి వస్తోంది. తొట్టిలో నీళ్ళు దబ్బున పడ్డాయి. మళ్ళీ ఎడ్లు వెనక్కి. మళ్ళీ కిర్రు... పందిరి కింద అందరూ ఎండిన గొంతులతో వింటున్నారు. ఎవరో గుటక వేశారు. అమ్మ ఏడుస్తోంది, చప్పుడు లేకుండా.

నేను కళ్ళు తెరిచాను. ఆసామి కూడా తెరిచే ఉన్నాడు. తోట వైపు చూస్తున్నాడు.

ఆమెన్ అని నేను ముగించాలి. అనలేదు. ఇంకో మోట. ఇంకో మోట.

ఆసామి లేచి వెళ్ళిపోయాడు. గొడుగు గుంజకే ఉండిపోయింది. "ఆమెన్" అన్నది రత్నం తాత — ఆ పోయిన గొంతుతోనే.

ఏప్రిల్ 21

నాన్న పొద్దున గొడుగు ఇచ్చి వచ్చాడు.

"ఏమన్నాడయ్యా?" అంది అమ్మ.

"ఏం అన్లా. గొడుగు తీసుకున్నాడు. తిట్టినా బాగుండేది." తర్వాత నాతో — "బావి మాట అన్లేదు గదా నువ్వు?"

"ఒక్క ముక్క అనలేదు నాన్నా."

నిజమే. కాని వారం రోజులుగా ఆ కప్పీ వింటూనే మోకరించాను. కళ్ళు మూసుకోండి అన్నప్పుడు తెలిసే అన్నానా? మొదట కాకపోవచ్చు. ఆమెన్ అనకుండా ఆగినప్పుడు? ప్రభువు ముందు నిలబడి మౌనాన్ని కూడా ఆసామి మీదికి రాయిలా విసిరానా?

మోకరించాను. మాటలన్నీ తిరిగొచ్చాయి. ఒక్కటీ ఆయనకు చెప్పదగ్గది కాదు.

ఏప్రిల్ 22, ఈస్టరు

నాన్న ఎప్పటిలాగే చీకటితోనే తోటకు వెళ్ళాడు. వెనకే అమ్మ, కడవతో — కాలవ పారేలోగా చోటు పట్టుకోవాలని.

నేను గుడిలో. ఆరాధనకు ఇంకా ఎవరూ రాలేదు. వాకిట్లోకి వెలుగు వచ్చింది. ఎడ్లు కట్టే వేళ దాటింది.

కప్పీ చప్పుడు లేదు. ఆసామి నాన్నను ఎడ్లు కట్టనివ్వలేదా? ఆ రోజు చెవులు మూసుకుని కోరుకున్నది ఈ నిశ్శబ్దాన్నే.

కిటికీ దగ్గర నిలబడి రాస్తున్నాను. దారిలో ఎవరూ రావడం లేదు... చెవులు రిక్కించి వింటున్నాను.