రాజేశం బండికి జోడు ఫైలు

అశోక్‌నగర్, హైదరాబాద్
5-8-2013

రాజేశం కాకకు,

శ్రీనాథ్ నమస్కారాలు. మీ డ్రైవర్ చేతికి డబ్బా ఇచ్చి పంపుతున్నాను. లారీ ఇంజనుకు ఎప్పుడు ఎంత డీజిల్ పోయాలో చెప్పే కంప్యూటర్ అదే కాబట్టి, బిగించేటప్పుడు సుత్తి వాడొద్దని అతనికి గట్టిగా చెప్పండి. మీరు కోరినట్టే బండికి జోరు పెంచాను. ఇక ఎంత ఎత్తయినా మూలగకుండా ఎక్కుతుంది.

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా ఈ విద్య తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. గ్రూప్-టూ నోటిఫికేషన్ పడేదాకా ఇదే నా ఉద్యోగం.

ఇంట్లో ఫోను మీ ఆవిడ లక్ష్మవ్వ గారి దగ్గర ఉంటుంది, ఉత్తరాలే రాయమన్నారు కదా. ఇది మీ ఊరి మాసయ్య హోటల్లో ఇవ్వమని డ్రైవర్‌కు చెప్పాను.

ఇట్లు
శ్రీనాథ్

తా.క.: ఈ డబ్బా మామూలుది కాదు. బండిని ఎవరు ఎలా తొక్కారో, ఎక్కడ ఎంతసేపు ఆపారో అంతా దాని కడుపులో ఉంది. చదువుతుంటే పొద్దు తెలియలేదు!

చేర్యాల
9-8-2013

శ్రీనాథ్ గారికి,

రాజేశం రాయునది. బండి స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదు. అయినా నా పరేషాన్ అది కాదు.

మీ తా.క. చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. రెండేళ్ల కింద నా గుండెకు స్టెంట్ వేశారు. స్టీరింగ్ ముట్టొద్దని డాక్టర్ చెప్పాడు. లక్ష్మవ్వ దేవుని పటం ముందు నాతో ఒట్టు వేయించుకుంది. కానీ బాబూ, ముప్ఫై ఏళ్లు లారీ తోలినవాణ్ణి పక్క సీట్లో కూర్చోబెడితే ఎట్లా ఉంటుంది? ఊరు దాటగానే డ్రైవర్‌ను పక్కకు జరిపి నేనే తోలుతున్నాను. ఎవరు తొక్కారో డబ్బాలో ఉందన్నారు. నా కాలును అది గుర్తుపట్టిందా?

ఇట్లు
రాజేశం

తా.క.: జవాబు చిన్నగా రాయండి. పెద్ద ఉత్తరమైతే దాచుకుని చదవడం కష్టం.

అశోక్‌నగర్
13-8-2013

పూజ్యులు రాజేశం గారికి,

మీకు స్టెంట్ ఉందని నాకు తెలియదు. దయచేసి ఇది కూర్చుని చదవండి.

ప్రతి డబ్బాకు ఒక నంబరు ఉంటుంది. దానికి సరిగ్గా జోడయ్యే బేస్ ఫైలు ఉంటేనే పైన మనం మార్పులు చేయగలం. ఒక్క అంకె తప్పినా జోడు కుదరదు. మీ నంబరు ఫైలు కోసం రాంనగర్‌లో అడిగాను, హైదర్‌గూడలో అడిగాను, బెజవాడ దాకా మనిషిని పంపాను. అందరూ పక్క నంబరుదే ఇచ్చి, "గదే అనుకోరాదు అన్నా" అంటున్నారు. నేను ముందొకసారి అలా అనుకున్నందుకే... ఆ సంగతి తర్వాత.

మీకొక నిజం చెప్పాలి. నేరుగా చెబితే మీ గుండె ఏమవుతుందోనని భయంగా ఉంది. దాచడానికి చేతకావడం లేదు. కాబట్టి లక్ష్మవ్వ గారి ఫోన్ నంబరు ఇవ్వండి. మొదట ఆమెకు చెబుతాను.

ఇట్లు
మీ క్షేమం కోరే శ్రీనాథ్

తా.క.: ఆమెకు గుండె జబ్బు లేదు కదా?

చేర్యాల
17-8-2013

మహారాజరాజశ్రీ శ్రీనాథ్ సార్ గారి సముఖానికి,

రాజేశం దండం పెట్టి రాయునది. మీరు ఇంత పని చేస్తారనుకోలేదు. ఆమెకు చెప్పకండి. బండి తుప్పు పట్టిపోయినా సరే, చూసిందంతా మీ కడుపులోనే ఉంచుకోండి. ఒట్టు తప్పానని తెలిస్తే ఆమె కేకలు వేయదు. ఊరికే చూస్తుంది. ఆ చూపుకంటే మళ్లీ స్టెంటే నయం.

ఇంకో భయం కూడా పట్టుకుంది. మధ్యాహ్నం గోలీ వేసుకుని పడుకుని, లేచి బయటికి వచ్చి బండి బానెట్ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. స్టార్టే కాని బండి సార్! డ్రైవర్‌ను అడిగితే, "ఎండకు కాలుతది కాకా" అన్నాడు. ముసురు పట్టి ఇక్కడ ఎండ మొహం చూసి ఎన్నాళ్లో అయింది.

ఇట్లు
మీ దయగోరే రాజేశం

తా.క.: బస్సులో ఒక కోడిపుంజును పంపుతున్నాను. అర్థం చేసుకోండి.

అశోక్‌నగర్
20-8-2013

పితృసమానులైన రాజేశం గారి పాదాలకు,

కోడి చేరింది. అర్థమైంది.

కాళ్లు కట్టేసి, మెడకు ఎర్రదారం చుట్టి పంపారు. నా రూమ్మేట్ రమాకాంత్ దాన్ని చూసి నాలుగడుగులు వెనక్కి వేశాడు. "ఎవని కొంప ముంచినవ్‌రా? రేపు నీ మెడకు గూడ ఇదే అని చెప్పుడు గిది" అన్నాడు. నాకు జ్వరం వచ్చింది.

ఏం చేసినా చేయండి, నిజం మాత్రం వినండి. మీ డబ్బాలోంచి పాత రికార్డు వచ్చింది గానీ అసలు ఫైలు మొత్తం రాలేదు. నంబరు తోకలో ఒక్క అంకె తేడా ఉన్న ఫైలు దొరికితే, ఏమవుతుందిలే అని ఎక్కించాను. మీ బండిని నేనే చంపాను. చచ్చిన ఇంజను వేడెక్కడం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అది చదివాక చీకటి పడితే షాపులో ఒంటరిగా ఉండలేకపోతున్నాను.

ఆదివారం వస్తున్నాను. లక్ష్మవ్వ గారి కాళ్ల మీద పడి అంతా చెప్పేస్తాను.

ఇట్లు
పాపాత్ముడు శ్రీనాథ్

తా.క.: మా హాస్టల్ నడిపే ప్రభావతక్క, "ఏంది శ్రీనాథ్, ఈ కోడి గూడ గ్రూప్-టూ రాస్తదా? దానికి గూడ కిరాయి కట్టు" అంటోంది. చదువుకునే పిల్లలకు మాత్రం అలారం ఖర్చు తప్పింది.

చేర్యాల
23-8-2013

బిడ్డా శ్రీనాథ్,

నాకు పుస్తకాల తెలుగు రాదు, మాట్లాడినట్టే రాస్తున్న. నువ్వు ఆదివారం రాకు.

మాసయ్య హోటల్‌కు పాలు పోసేది నేనే. మీ ఇద్దరి ఉత్తరాలు ముందుగాల నేను చదివి, అన్నం మెతుకుతోని మళ్ల అంటిచ్చి పంపుతున్న. నువ్వు బండిని సంపలేదు. ఆపింది నేను. డబ్బాకు కరెంటిచ్చే ఫ్యూజు నా కొంగుముడిల ఉన్నది. డ్రైవరే పీకి ఇచ్చిండు. కోడికి ఎర్రదారం కట్టింది గూడ నేనే, బస్సుల ఎవలదో అనుకొని ఎత్కపోతరని.

జోరు పెంచిన అని నువ్వు రాసిననాడే నాకు సమజైంది. డ్రైవర్‌కు జోరెందుకు బిడ్డా? జీతం వస్తే వానికి చాలు. జోరు ఎవలకు కావాల్నో నాకు తెల్వదా?

రెండేండ్ల కింద ఈయన స్టీరింగ్ మీదనే ఒరిగిండు. పక్క సీట్ల నేనున్న. బండి రోడ్డు దిగి పొలంలకు ఉరుకుతుంటే ఈయనను పేరు పెట్టి పిలిచిన. పెండ్లయినసంది గదే మొదటిసారి. పలుకలేదు. అప్పటిసంది లారీ చప్పుడు ఇంటే ఎవలు తోలుతున్నరో అని వాకిట్లకు ఉరుకుత.

ఈయన గోలీ వేసుకొని పండుకోంగనే ఫ్యూజు పెట్టిచ్చి, డ్రైవర్‌తోని రైస్‌మిల్లు లోడ్లు కొట్టిస్తున్న. నీ ఫైలు మంచిగున్నది. తోక అంకె సంగతి నాకు తెల్వదు గని డ్రైవర్ ఖుషీ ఉన్నడు.

నువ్వు మాత్రం జోడు ఫైలు దేవులాడుతనే ఉండు. దొరకనియ్యకు. నోటిఫికేషన్ పడేదాక ఇదే నా ఉద్యోగం అన్నవు గద, అంటే శాన ఏండ్లకు ఫికర్ లేదు.

ఇట్లు
నీ చిన్నమ్మ లక్ష్మవ్వ

తా.క.: మీ కాకకు ఇంకొక్క ఉత్తరం రాయి. స్టీరింగ్ పట్టినోని గుండె చప్పుడు గూడ ఆ డబ్బాల ఎక్కుతదని రాయి. జర భయపడనియ్యి. ఈ ఇంట్ల ఇన్నొద్దులు నేనొక్కదాన్నే భయపడ్డ.