నీ పాడె మోసిన భుజం

మామా,

రాయవేలూరు ఆస్పత్రిలో నా గుండెకు టిక్కుటిక్కుమనే లోహపు వాల్వు వేశాక పుంగనూరులో మా ఇంటికి వచ్చి, నా పెండ్లాం, నీ కూతురు రాజమ్మను కుప్పం తీసుకుపోయావు. "గుండె కోయించుకున్నోడు మడక పడతాడా? ఆ టిక్కుటిక్కు ఎన్నాళ్లు కొట్టుకుంటాదో సూస్తా" అన్నావు.

మరుసటేడే నేనే మడక పట్టి దున్ని శెనక్కాయ వేశాను. ఊరోళ్లు నీతో చెబితే నమ్మలేదట.

నిన్న నీ పాడె లేచేటప్పుడు మీ తమ్ముడు అడ్డం వచ్చాడు. "నువ్వొద్దప్పా, బరువు మోయగూడదు" అన్నాడు. నేను వినలేదు. తలవైపే పట్టి, శ్మశానం దాకా నా చోటు ఎవరికీ ఇవ్వలేదు. అంత మనిషివి, ఎంత తేలికైపోయావు!

కర్మ కాగానే రాజమ్మ నాతో పుంగనూరు బస్సెక్కుతుంది. నేను అడగకముందే తనే చెప్పింది.

నిన్న శ్మశానం దారి పొడుగునా ఆ టిక్కుటిక్కు నీ చెవి పక్కనే కొట్టుకుంది. విన్నావా మామా?