ఇంకని బిందెడు నీళ్లు

నాయినా,

ఈరోజు బత్తాయి చెట్లు కొట్టించాను. నువ్వు పెట్టినవే.

గుట్ట కింద ఈ చెల్క కొనే ముందు నువ్వు మోకాలి లోతు గుంత తవ్వావు. అందులో బిందెడు నీళ్లు పోసి, గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించావు. బీడీ అయిపోకముందే నీళ్లు ఇంకిపోయాయి. "వేరుకు గాలాడాలె బిడ్డా. మన్ను నీళ్లు తాగాలె గానీ నిలుపుకోవద్దు" అన్నావు. పిడికిట పడితే ముద్దయ్యి, వేలితో తాకితే పొడిపొడిగా రాలే ఎర్రమన్ను అది.

నువ్వు పోయిన మరుసటి ఎండాకాలం చెరువులో పూడిక తీశారు. నల్లమన్ను బలమని ట్రాక్టర్లు పెట్టి చేనంతా మందంగా పోయించాను. అమ్మ అడ్డం పడింది. "బత్తాయికి గా జిగట మన్నెందుకురా? మీ నాయిన ఉంటే పోయనిస్తుండెనా?" నేను వినలేదు.

రెండు వానాకాలాలు మొదళ్ల దగ్గర నీళ్లు నిలిచాయి. వేళ్లు కుళ్లిపోయాయి.

పొద్దున నేనూ గుంత తవ్వి, బిందెడు నీళ్లు పోసి, బీడీ ముట్టించాను. మూడు బీడీలు అయిపోయాయి. నీళ్లలో నా ముఖం ఇంకా కనబడుతూనే ఉంది.

నీ సమాధి చుట్టూ మాత్రం అప్పుడు ట్రాక్టరును పోనివ్వలేదు. అక్కడి రెండు చెట్లు పచ్చగా, కాయతో ఉన్నాయి.

"గివి గూడ కొట్టాల్నా?" అని కూలాయన అడిగాడు.

"వద్దు, గవి మా నాయిన చెట్లు" అన్నాను.

మిగిలినవి మాత్రం ఎవరివి, నాయినా?