వేడి దుంపల మీద ఆవ

అప్పా,

నీకూ బావకూ ప్రభువు పేరట వందనాలు. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా, పిల్లలు బడికి పోతున్నారా, గజపతినగరంలో వానలెలా ఉన్నాయి, అన్నీ రాయి. హైదరాబాదులో నేను దేవుని దయ వల్ల బాగానే ఉన్నాను, బెంగపడకు. ఫోను చేస్తే బావ స్పీకరు పెడతాడు. ఇది ఊరంతా వినే సంగతి కాదు, అందుకే ఉత్తరం.

వారమంతా అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలా. ఆదివారం మన వైపు నుంచి వచ్చిన కూలోళ్లను రేకుల షెడ్డులో కూర్చోబెట్టి వాక్యం చెప్తాను. ఆరాధనయ్యాక ప్రేమవిందు. అన్నం, పప్పు అందరివీ. నంజుకోడానికి చిలగడదుంపలు మాత్రం నావి. పక్కనే ఇస్త్రీ బండి ముసలాయన పారబోసే బొగ్గుల్లో కప్పెట్టి కాలుస్తాను. తొక్క తీసి ఒక వారం వెల్లుల్లి కారం, ఒక వారం నువ్వులపొడీ చింతపండూ కాసింత బెల్లం. ఎప్పుడైనా పెరుగులో మెదిపి తాలింపు పెడతాను. గిన్నె నాకెప్పుడూ ఖాళీగానే తిరిగొచ్చేది.

ఇప్పుడు పొందూరు నుంచి ఆనందు అని ఒక డ్రైవరు దిగాడు. వాళ్ల మేడమ్ పాత ఓవెన్ ఇచ్చేసిందట. దుంపల్ని చక్రాలుగా కోసి, నూనె, మిరియాలు రాసి కాలుస్తాడు. అంచులు కరకరలాడతాయి, నడుమ హల్వాలా ఉంటుంది. పైన నిమ్మకాయ పిండి కొత్తిమీర జల్లుతాడు. రుచిగా ఉందని నీ ఒక్కదానికే రాస్తున్నాను. నేను గొంతు చించుకుని చెప్తుంటే జనం అతని ట్రే వైపు చూస్తున్నారు.

"వాక్యం కాస్త పొట్టిగా సెప్పండి అయ్యగారూ, దుంపలు సల్లారిపోతాయి" అందొక ముసలమ్మ.

మరుసటి వారం తిండిపోతుతనం మీద అగ్గి కురిపించాను. ఎవరి మీదో అందరికీ తెలుసు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది ఆనందే.

అప్పుడు అమ్మ పెట్టే ఆవ గుర్తొచ్చింది. మొన్న ఆదివారం ఆవాలు, ఎండుమిరపకాయలు నూరి పట్టుకెళ్లాను. దుంపలు చల్లారాకే ఆవ కలపాలని నాకు తెలీదా? కానీ అతని ట్రే చుట్టూ అప్పటికే మూగేశారు. పొగలు కక్కే దుంపల మీదే కలిపేసి వడ్డించాను. చేదు విషం. పిల్లలు ఉమ్మేశారు.

"ఏటయ్యగారూ, వేపాకు కలిపినారేటి?" అంది ఆ ముసలమ్మే.

ఆనందు ఒక్కడే విస్తరి మొత్తం ఖాళీ చేశాడు. "మా అమ్మా ఆవ పెడతాదండి. తిని సానా రోజులైనాది" అన్నాడు. వెక్కిరించినా బాగుండేది, అప్పా. కడుపు ఇంకా మండింది.

బైబిల్లో అన్నదమ్ములిద్దరు అర్పణలు తెస్తే, దేవుడు తమ్ముడిది మెచ్చి, పొలం పంట తెచ్చిన అన్నది లక్ష్యపెట్టలేదు కదా. వాడి ముఖం ఎందుకు చిన్నబోయిందో ఇన్నేళ్లూ నేనే అందరికీ విడమర్చి చెప్పాను. మొన్నగానీ నాకు తెలిసి రాలేదు.

కోతపండగకి సంఘ పెద్దలు తేల్చేశారు: ఆనందు కాల్చాలి, నేను ఆవ పెట్టాలి, గిన్నె ఒకటే. వచ్చే ఆదివారం జవాబు చెప్పాలి. నా గిన్నె నాకే ఉండాలని మనసు పోరుతోంది. కాదంటే ఇన్నాళ్లు నేను చెప్పిన వాక్యం నేనే తుడిపేసినట్టు. ఒప్పుకుంటాను. ఆవపాళ్లు అమ్మనడిగి రాసి పంపు, ఆమె దీవెన కూడా అడిగానని చెప్పు.

ఇంకొక్కటి. సంఘంలో అందరి పేర్లూ ఎత్తి ప్రార్థిస్తున్నాను గానీ అతని పేరు దగ్గర నాలుక తిరగడం లేదు. నా బదులు నువ్వు చెయ్యి. పేరు ఆనందు, ఊరు పొందూరు. మంచివాడే, అదే నా బాధ.

నీ తమ్ముడు
ప్రకాశం