కుడికి వాలిన గీతలు

1654 మార్చి 9, సోమవారం

ఈ బొమ్మలో ఆకాశానికి మూడొంతులు వదిలేశాను. నాన్న మంచంలోంచి చెప్తాడు, నేను రాగి ప్లేటు మీద సూదితో గీస్తాను. నేల గీత ఇంకా కిందికి దించవే, ఇసుక దిబ్బల మీద గాలి తిరగొద్దా అంటాడు. దూరంగా ఉన్న చర్చికి సన్న గీతలు. ప్లేటుని యాసిడ్‌లో ముంచాక అది ఆ గీతల్ని ఎక్కువ తినకుండా మధ్యలో పైకి తీసి మైనం పూసేస్తాను. ముందున్న ఓక్ చెట్టుని మాత్రం బాగా తిననిస్తాను. నల్లగా, బరువుగా వస్తుంది. కాగితం మీద అచ్చు పడ్డప్పుడు సరిగ్గా కనపడాలని కింద నాన్న పేరు తిరగేసి గీస్తాను. గోవర్ట్.

క్రిస్మస్ నాడు నాన్న కుడి చెయ్యి పడిపోయింది. బయట ఎవరికీ తెలీదు. చిత్రకారుల సంఘంలో ఉన్నది నాన్న, నేను కాదు. నా పని తన పేరుతో అమ్మాడని తెలిస్తే పేరు కొట్టేస్తారు. ఇంక ఈ హార్లెం ఊళ్ళో ఒక్క ప్రింటు కూడా అమ్మలేడు.

మార్చి 11

ఆమ్‌స్టర్‌డాం నుంచి ప్రింట్లు కొనే లుబ్బర్ట్ వచ్చాడు. నాన్నకి జ్వరం, పడుకున్నాడు అన్నాను. మూణ్ణెల్ల జ్వరమా పిల్లా, ఇంకో నెలాగితే దానికి పళ్ళు కూడా వస్తాయి అని నవ్వాడు. చేప తిన్న చేత్తోనే భూతద్దం తీశాడు. నవ్వు ఆగిపోయింది. పాత ప్రింటు, కొత్త ప్రింటు పక్కపక్కన పెట్టాడు. చెట్టు నీడలో చూడు, మీ నాన్న గీతలు ఎప్పుడూ ఎడమకి వాలతాయి, ఇవన్నీ కుడికి వాలాయేం అన్నాడు.

నాది ఎడమ చేతి వాటం. ఆకులు, మబ్బులు, ఖాళీ జాగా, అన్నీ నాన్నలాగే చేశాను. గీత ఎటు వాలుతుందో చూసుకోలేదు. మొద్దుని. మొద్దుని.

వచ్చే గురువారం సంఘం పెద్దల్ని తీసుకొస్తాడట. గోవర్ట్ మా ముందు ఒక్క చెట్టు గీస్తే చాలు, ఏ గొడవా లేదు అన్నాడు.

మార్చి 12

లుబ్బర్ట్ అన్నదంతా నాన్నకి చెప్పాను. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మార్చి 14

నాన్నే అన్నాడు. పిచ్చిమొహమా, నాకింకో చెయ్యుంది కదే, ఎడమ చేత్తో గీస్తే నావీ అటే వాలతాయి. కుడి చెయ్యి పోయినప్పట్నుంచి దీంతోనే గీస్తున్నానని చెప్పేస్తాను, నువ్వు నేర్పు అన్నాడు.

మొదటి చెట్టు చీపురులా వచ్చింది. రెండోది తడిసిన కోడిలా. ఇద్దరం పడీ పడీ నవ్వాం. తర్వాత నాకు ఏడుపొచ్చింది. ఐదు రోజులే.

మార్చి 17

రావట్లేదు. సూది జారి నాన్న వేలు చీరుకుంది. మణికట్టు కాదు నాన్నా, మోచెయ్యి కదుపు, ఎన్నిసార్లు చెప్పాలి అని అరిచాను. ఆయన రక్తం తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

దేవుడా, నా చెయ్యి తీసి ఆయనకి పెట్టెయ్యి.

మార్చి 19, గురువారం, పొద్దున

వచ్చేసింది. చెట్టు, నీడ, వాలు, అచ్చం నావే. నాన్న ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. మూడు నెలల చెట్లన్నీ ఇక ఆయనవే. నేను గీశానని చెప్పేవి ఈ రాసుకున్న కాగితాలు మాత్రమే. వాళ్ళొచ్చేలోపు పొయ్యిలో వేసెయ్ తల్లీ అన్నాడు. సరే అన్నాను.

తలుపు కొడుతున్నారు.

పొయ్యి ముందే ఉన్నాను. మంట బాగానే ఉంది. కాగితాలు జాకెట్ లోపలికి తోసేస్తున్నాను.