ముప్పై ఒకటో నంబరు ప్యాకెట్

శుక్రవారం
ములాఖత్ గది

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లికి,

అన్నయ్య దీవించి రాయడం. నేనిక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. "సౌభాగ్యవతి" అని రాయాలా మానాలా అని కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రాయమన్నాడు లాయరు. మీ ఆయన బతికే ఉన్నాడు, రెండు వేళ్లే పోయాయి, కాబట్టి నిక్షేపంగా రాయొచ్చట.

ఈ లాయరు నా ఎదురుగానే కూర్చున్నాడు. ఉత్తరం పూర్తయ్యేదాకా కదలడట. కాగితం ఆయనదే, కలం ఆయనదే, తెచ్చి నీ చేతికిచ్చేదీ ఆయనే. ఎనిమిదేళ్ల తర్వాత నీకు రాస్తున్న మొదటి ఉత్తరం నీకంటే ముందు ఇంకొకడు చదువుతాడంటే ఒళ్లు మండుతోంది. కుశల ప్రశ్నలు అయ్యాయి కదా, సోమవారం కోర్టు సంగతి రాయండి అంటున్నాడు. రాస్తాను. ఎటు తిరిగి అక్కడికొస్తానో అది నా ఇష్టం.

నీ చెయ్యి ఎలా ఉంది? వేళ్లు కదులుతున్నాయా? లాండ్రీలో నీతో పనిచేసే ఆవిడ గదిలో ఉంటున్నావని విన్నాను. అక్కడే ఉండు. ఎవరొచ్చి బతిమాలినా ఆ గది దాటకు.

నేను నీ ఊరి షాపులో ఎలా తేలానో నీకు తెలియదు. ముందు పనిచేసిన కబేళా మూతబడింది. ఏడు నెలల క్రితం వంతెన పక్కనున్న ఆ చవక సూపర్ మార్కెట్లో మాంసం కోసే పనికి చేరాను. ఆ షాపు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ట్రాలీకి ఒక చక్రం ఎప్పుడూ తిరగదు. టమాటాల పెట్టెలో పైన నాలుగు గట్టివి, కింద అంతా గుజ్జు. అన్నిటికీ వెనకాల నా గాజుగది. లోపల నేనూ, ఎముకలు కోసే రంపమూ, కొక్కేలకు తలకిందులుగా వేలాడే కళేబరాలూ. నెత్తిన టోపీ, మూతికి గుడ్డ, మెడ నుంచి మోకాళ్ల దాకా నెత్తుటి మరకల రబ్బరు తొడుగు. కన్నతల్లి వచ్చినా గుర్తుపట్టదు.

నేను చేరిన మూడో శనివారం, పదకొండు గంటలకు నువ్వొచ్చావు. చేతిలో కత్తి ఆగిపోయింది. నువ్వు రెండు ప్యాకెట్లు రెండు చేతుల్లోకి తీసుకున్నావు. ముందు ధర చూశావు, తర్వాత తేదీ. ప్లాస్టిక్ మీంచే బొటనవేలితో నొక్కి, గుంట పైకి లేస్తుందా లేదా అని చూశావు. ప్యాకెట్ వంచి మూలకి ఎంత నీరు దిగుతుందో చూశావు. రెండూ పెట్టేశావు. మళ్లీ తీశావు. పావుగంట. అచ్చం అమ్మ.

అమ్మ శనివారాలు గుర్తున్నాయా? మన ఊళ్లో ఉన్న రెండు షాపులూ కాలినడకన తిరిగేది. బియ్యం ఇక్కడ, పప్పు అక్కడ. ఇంటికి రాగానే నాన్న సంచి నేలమీద గుమ్మరించి ఒక్కొక్కటే తీసి పరీక్ష చేసేవాడు. ధర ఎక్కువైతే బెల్టు. సరుకు నాసిరకమైతే చెయ్యి. ఒకసారి ఉల్లిపాయల్లో రెండు మెత్తబడ్డాయని ఆ రెండూ పొట్టుతో సహా అమ్మ నోట్లో కుక్కాడు. దవడ పట్టుకుని నమిలించాడు. మనిద్దరం మంచం కింద నుంచి చూశాం. నేను ఏడవకుండా ఉండాలని నువ్వు నా చెవి పట్టుకుని నెత్తురొచ్చేలా మెలిపెట్టావు.

అందుకే మనకి సరుకు చూడటం అంత బాగా వచ్చింది. పెళ్లికొడుకుని కూడా అలాగే బొటనవేలితో నొక్కి చూసుకుని ఉంటే బాగుండేది. మాట తూలాను. కొట్టేయనా అంటే వద్దు, ఉండనీయండి అంటున్నాడు లాయరు. అన్నయ్యలు ఇలాగే రాస్తారట. ఆయనకి చెల్లెళ్లు లేరు.

ఇంకో సంగతి కూడా ఉండనిస్తాడేమో చూద్దాం. ఎనిమిదేళ్ల క్రితం వాణ్ణి చేసుకుంటానని నువ్వు చెప్పిన రోజు నేను నిన్ను కొట్టాను. ఒక్క దెబ్బే అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఒక్కటి కాదు, మూడు. మూడో దెబ్బకి నీ ముందు పన్ను సగం విరిగింది. నువ్వు సింకులో ఉమ్మి, కుళాయి తిప్పి, నెత్తురంతా శుభ్రంగా కడిగి మరీ వెళ్లిపోయావు. ఆ కడగడం చూసి నాకు ఇంకా కోపం వచ్చింది. అలాంటివాణ్ణి గాజుగదిలోంచి ఏ మొహం పెట్టుకుని బయటికొస్తాను? లోపలే ఉండి, చేతనైన పని చేశాను.

మా కాటా దగ్గర ఒక్కో రకానికి ఒక్కో నంబరు. పద్నాలుగు నొక్కితే తొడ మాంసం ధర పడి చీటీ వస్తుంది. ముప్పై ఒకటి నొక్కితే ఎముకలు, కొవ్వు, తుక్కు. ప్రతి శనివారం పదిన్నరకి మంచి తొడ ముక్క చూసి కోసేవాణ్ణి, కాటా మీద పెట్టి ముప్పై ఒకటి నొక్కేవాణ్ణి, నువ్వు చూసే అర కుడిచివర పెట్టేవాణ్ణి. మొదటిసారి నువ్వు దాన్ని తీసి, ధర చూసి, లోపలి ముక్క చూసి, మళ్లీ ధర చూసి, అటూ ఇటూ బెదురుచూపులు చూసి గబుక్కున బియ్యం సంచి కింద దూర్చావు. గాజుగదిలో నేనొక్కణ్ణే పడీపడీ నవ్వాను. ఆ వారమంతా నా చేతికి ఏ ముక్క వచ్చినా సాఫీగా తెగింది. చెల్లికి పెడుతున్నాననుకున్నాను. షాపువాడి సొమ్మే అనుకో, దానికి వాడు పెట్టే కేసు వేరే ఉంది.

తర్వాతి సంగతి పోలీసులు నీ వాంగ్మూలం చదివి వినిపిస్తే తెలిసింది. మెయిన్ రోడ్డు మీది అద్దాల సూపర్ మార్కెట్లో కొంటే దోపిడీ అని మీ ఆయన అరిచేవాడట. వంతెన షాపులో కొంటే కుక్కలు తినే తిండి అని కంచం విసిరేవాడట. అలాంటివాడికి ఆ మాంసం నచ్చింది. నచ్చి ఊరుకున్నాడా? పెళ్లాన్ని ఎలా దారిలో పెట్టానో చూడండి, ఈ ధరకి ఈ సరుకు ఇంకెవరైనా తేగలరా అని పనిచేసే చోట కోతలు కోశాడు. ఆ మాట నమ్మి ఒకాయన వాళ్లావిడని పంపాడు. ఆవిడకి అదే నంబరు మీద ఎముకలూ నరాలూ దొరికాయి. మర్నాడు భోజనాల దగ్గర అందరూ నవ్వారు. నీ పెళ్లాన్ని ఆ షాపులో ఎవడో మేపుతున్నాడురా అన్నారు.

ఆ సాయంత్రం వాడు నీ ఎడమ చెయ్యి తలుపు సందులో పెట్టి తలుపు మూశాడు. ఎవడో చెప్పమని మళ్లీ తెరిచి మళ్లీ మూశాడు. నీకు తెలిస్తే కదా చెప్పడానికి. నాలుగోసారికి ఎముక చప్పుడు వినపడిందని నువ్వే చెప్పావట. నేను పెట్టిన తిండికి ధర నువ్వు కట్టావు చెల్లీ. ఆ చప్పుడు నాకు తెలుసు. రోజూ నా చేతుల్లో వినేదే.

ఇక పోయిన శనివారం సంగతి. ఇక్కడ జాగ్రత్తగా రాయండి అంటూ లాయరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

పదకొండింటికి నువ్వు చేతికి కట్టుతో వచ్చావు. వెనకాలే వాడు. పాత ప్యాకెట్ మీది చీటీ ఒకటి పీకి తెచ్చి కౌంటర్ అద్దం మీద చాచి కొట్టాడు. ఈ నంబరు నొక్కేదెవడో బయటికి రమ్మన్నాడు. నిన్ను రాయకూడని మాట అన్నాడు. ఎవరూ పలక్కపోతే నీ జుట్టు పట్టుకుని మొహం అద్దానికేసి కొట్టాడు, లోపల ఎవడున్నాడో చూసి చెప్పమని. ఒకసారి, రెండుసార్లు. నీ పెదవి చిట్లి అద్దం మీద నెత్తురు జారింది. ట్రాలీలు వదిలేసి జనమంతా పారిపోయారు. ఒక్కడు కూడా ఆగలేదు. నేను గాజుగది తలుపు తన్ని బయటికొచ్చాను. నువ్వు తలెత్తి, టోపీకీ గుడ్డకీ మధ్య ఏం చూశావో, అన్నయ్యా అన్నావు. ఎనిమిదేళ్ల తర్వాత ఆ పిలుపు.

అప్పుడు మీ ఆయన కౌంటర్ పక్కన కోత బల్ల మీదున్న నరికే కత్తి అందుకున్నాడు. నేను లాక్కోబోయాను. పెనుగులాటలో కత్తి పడి వాడి కుడిచేతి వేళ్లు రెండు తెగాయి. నువ్వు పోలీసులకి చెప్పింది ఇదే. నేను చెప్పిందీ ఇదే. షాపు కెమెరాలు ఖరీదైన సబ్బుల మీదికే చూస్తాయి, మాంసం వైపు ఒక్కటీ లేదు. వాడు మాత్రం ఇంకేదో చెప్తున్నాడట, ఎవరూ నమ్మడం లేదు. పెనుగులాటలో వేళ్లు అంత తిన్నగా తెగుతాయా అని ఇన్‌స్పెక్టర్ ఒకసారి అడిగాడు. మీ చెల్లెలి మాట ముందు అవన్నీ నిలబడవు అని లాయరు ధైర్యం చెప్పాడు. సోమవారం జడ్జి ముందు నువ్వు ఇదే మాట ఇంకోసారి చెప్తే నెల తిరక్కుండా బయటికొస్తానట. తడబడితే ఏళ్లు పడతాయట. కాబట్టి చెప్పింది చెప్పినట్టు చెప్పమని నీకు రాయమన్నాడు. రాశాను.

ఇక నా మాటలు. ఈ వారం నుంచి నీ సరుకులు నువ్వే చూసుకుని తెచ్చుకోవాలి, అడిగేవాడు లేడు. అద్దాల షాపుకీ మా షాపుకీ మాంసం తెచ్చే లారీ ఒకటే. దించుకున్నవాణ్ణి నేనే కాబట్టి చెప్తున్నాను. ముందు వాళ్ల దగ్గర ఆగుతుంది, మిగిలింది మాకొస్తుంది. కాబట్టి మాంసం, పాలు వాళ్ల దగ్గరే కొను, తక్కువ కొను. పప్పు, ఉప్పు, సబ్బు మా దగ్గర కొను, అవి ఎక్కడైనా ఒకటే. సగం ధర బుట్ట జోలికి పోకు, ఆ చీటీల కింద పాత చీటీలుంటాయి. ఒక్కోసారి ధర చూడకుండా నీకు నచ్చింది ఏదైనా ఒకటి కొనుక్కో. మిఠాయో, పండో. పాడైతే పారెయ్. ఎవరూ ఏమీ అనరు.

ఇట్లు,
నీ మేలు కోరే,
అన్నయ్య

తా.క. లాయరు ఉత్తరమంతా చదివి, సంతకం చూసుకుని, బాగుందన్నాడు. కవరు తెచ్చుకోలేదట, గుమాస్తాని అడగడానికి వెళ్లాడు. చదివిందే కదా, మడిచి ఇస్తే మళ్లీ విప్పడు. అందుకని ఇది గబగబా రాస్తున్నాను.

వాడు కత్తి ముట్టుకోలేదు. నువ్వు అన్నయ్యా అనగానే వాడు నీ జుట్టు వదిలేశాడు. బావగారూ, తెలియలేదండీ, తప్పయిపోయింది అన్నాడు. కోత బల్ల మీద రెండు చేతులూ ఆనించి తల వంచాడు. నాన్న కూడా కొట్టిన ప్రతిసారీ అమ్మతో ఆ మాటే అనేవాడు, తప్పయిపోయిందని. అది చెవిన పడగానే బల్ల మీది కత్తి అందుకుని నా చెయ్యి లేచింది. కళ్లు మూసుకుపోయి కొట్టలేదు చెల్లీ. గురి చూశాను. కీలు ఎక్కడుంటుందో నాకు తెలుసు, అందుకే అంత తిన్నగా తెగింది. వాడు కేకపెడితే ఒంట్లో హాయిగా అనిపించింది. నిన్ను మూడోసారి కొట్టినప్పుడు కూడా అలాగే అనిపించింది. నీ కోసమే చేశానని ఈ వారమంతా అనుకోవడానికి ప్రయత్నించాను, కుదరలేదు.

నువ్వు మూడడుగుల దూరంలో ఉన్నావు. అంతా చూశావు. చూసి కూడా, నన్ను కాపాడటానికి, వాడే కత్తి తీశాడని చెప్పావు. అమ్మ ఆస్పత్రిలో మెట్ల మీద జారానని చెప్పేది, పక్కన నిలబడి అవునవునని నువ్వు తలూపేదానివి. పదేళ్ల పిల్లవి. నువ్వలా తలూపినప్పుడల్లా మనం మళ్లీ ఆ ఇంటికే వెళ్లాం. ఇంకో మగవాడి కోసం ఆ పని ఇంకెప్పుడూ చెయ్యకు. నాకోసం అసలే చెయ్యకు.

సోమవారం నీకంటే ముందు నన్నే పిలుస్తారు. జరిగింది జరిగినట్టు నేనే చెప్పేస్తాను. తర్వాత నిన్నడిగితే నువ్వూ చూసిందే చెప్పు. నేను వేళ్లు నరికినంత మాత్రాన వాడు మంచివాడైపోడు. ఆ తలుపు సంగతి వాళ్లు అడగకపోయినా చెప్పు. గట్టిగా చెప్పు. లాయరు వస్తున్నాడు.